అరవై నాలుగు పూసల పురుగులు

పిల్లలూ, మీకు అమ్మ పోలిక కొంత, నాన్న పోలిక కొంత ఎందుకొచ్చిందో చెప్పండి చూద్దాం? సరే, చింతపండు గింజలు తీసే పని పక్కన పెట్టి చెబుతున్నా, ఆలోచిస్తూనే వినండి.

కిరీటి అని ఒక పరిశోధక విద్యార్థి. జిలానీ మాస్టారి దగ్గర నాలుగేళ్లుగా కంప్యూటర్లో పురుగుల్ని పెంచుతున్నాడు. నిజం పురుగులు కావు, తెర మీద పాకే చుక్కలు. ఒక్కో పురుగు లోపల అరవై నాలుగు పూసల దండ ఉంటుందనుకోండి. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, అన్నీ ఆ పూసలే చెబుతాయి. రెండు పురుగులు జతకడితే తల్లి దండలో సగం, తండ్రి దండలో సగం తీసి బిడ్డకు కొత్త దండ గుచ్చుతుంది కంప్యూటర్.

మొదట్లో ఏది దేనితోనైనా జతకట్టేది. అవకరాలతో బిడ్డలు పుట్టేవి, పాకలేక చచ్చేవి. కిరీటి చూడలేకపోయాడు. రెండు దండల్లో నలభై పూసలు ఒకేలా ఉంటేనే జత అని నియమం పెట్టాడు. చావులు తగ్గాయి. యాభై అన్నాడు. చివరికి అరవై మూడు. ఇక ఏ బిడ్డా చావలేదు.

మర్నాడు పరీక్షకులు వస్తారనగా మాస్టారిని తెర దగ్గరికి పిలిచాడు. పట్టా దక్కేదీ లేనిదీ అప్పుడే తేలుతుంది.

"ఒక్కసారి చూడండి మాస్టారూ. నెల రోజులుగా ఒక్క కుంటి పురుగు పుట్టలేదు. మీరు పదేళ్లు పెంచినా ఇలాంటి మంద రాలేదు కదండీ!"

"తాతకు మనవల్ని చూపించినట్టు మురిసిపోతున్నావురా," అని నవ్వి కుర్చీ లాక్కున్నారు మాస్టారు.

తెర నిండా తెల్లటి పురుగులు. అన్నీ ఒక్కసారే ఎడమకు తిరిగాయి. అన్నీ ఒక్కసారే ఆగాయి. మళ్లీ తిరిగాయి.

మాస్టారి నవ్వు ఆగిపోయింది. కిరీటి ఇన్నాళ్లూ అంకెలు చూశాడే గాని వాటి నడక చూడలేదు.

"నా కళ్లు మందగించాయి. అదుగో, ఆ మూలదానికి ఎర్ర రంగు వెయ్యి. దాన్నొక్కదాన్నే చూస్తూ కూర్చుంటా."

ఆ పురుగులకు పేర్లు లేవు. దేన్ని పిలవాలన్నా దాని దండ చెప్పి పిలవాల్సిందే. కిరీటే అలా రాశాడు. మూలదాని దండ చూసి, ఈ దండ గలది ఎర్రబడాలని కంప్యూటర్లో కొట్టాడు.

తెరంతా ఎర్రబడింది.

ఒక్క తెల్ల చుక్క మిగల్లేదు. ఆ ఎరుపు ఇద్దరి చేతుల మీదా పడింది. అన్నీ ఎడమకు తిరిగాయి. ఆగాయి.

"తప్పు కొట్టావేమో," అన్నారు మాస్టారు మెల్లగా.

మళ్లీ కొట్టాడు. ఇంకో మూలదాని దండ తీసి చూశాడు. అదే. నడుమ ఉన్నదాన్ని చూశాడు. అదే.

"పోనీలే. ఆ మూలదాన్ని తీసెయ్. ఒక్కదాన్నే."

ఈ దండ గలది పోవాలని కొట్టాడు కిరీటి. ఇక చివరి మీట నొక్కడమే. వేలు మీట మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

"నొక్కవేం నాయనా? ఇంకా బోలెడున్నాయిగా."

"లేవు మాస్టారూ, ఉన్నది ఒక్కటే," అన్నాడు కిరీటి. మీట మీంచి వేలు తీసేశాడు.

మర్నాటి పరీక్ష తనే ఆపించుకున్నాడు.

అలా గుడ్లప్పగించి చూడకండర్రా, దారివ్వండి. చింతపండు సగానికే గింజలు తీశాను, ఎండ పోకముందే మిగతాది కానిచ్చేస్తా.