కోటకు ఎగువన పందులు

పూర్వం ఒక దళవాయి తన కోటకు కాస్త దిగువన, వాగు ఒడ్డునే గుర్రపుశాల కట్టించాడు. లద్దె, మూత్రం నీళ్లలో కలిసి, కింది పల్లెలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊరివాళ్లు మొరపెట్టుకుంటే, "పారే నీటికి మురికేమిటి, పొండి!" అని కసిరాడు.

పందులు మేపే ఎర్రక్క మనవరాలు కూడా మంచం పట్టింది. మర్నాడు ఎర్రక్క తన మందను కోటకు ఎగువన వాగులో దింపింది.

దళవాయి భటులతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, అవి మేం తాగే నీళ్లు!"

"పారే నీళ్లే కదా దొరా!"

"పారితే మాత్రం? ఆ రొచ్చంతా మా కడవల్లోకే వస్తుంది!"

"మరి మీ గుర్రాలది ఎక్కడికి పోతోంది దొరా?"

భటులు నవ్వు ఆపుకోలేకపోయారు. దళవాయి గుర్రపుశాల మార్చమని వాళ్లకు చెప్పి వెనుదిరిగాడు. ఆ సాయంత్రమే గుర్రాలను వాగుకు దూరంగా తరలించారు. చివరి గుర్రం కదిలాకే ఎర్రక్క పందుల్ని ఒడ్డుకు తోలింది.