తియ్యమడుగు సభ

గోదారి సముద్రంలో కలవబోయే ముందు కాస్త నిదానిస్తుందే, అక్కడ రెల్లూ గడ్డీ దండిగా మొలిచిన లంకొకటి ఉండేది. ఇప్పుడూ ఉందనుకోండి, ఉండి ఏం లాభం. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగుదామంటే గొంతు దిగదు, అంతా సముద్రపు పోటు తెచ్చిన ఉప్పు. లంక నడుమ ఉన్న తియ్యమడుగు ఒక్కటే అక్కడి జంతువులకి దిక్కు. ఆ నీళ్ళు ఒక్కసారి తాగినవాళ్ళెవరూ ఇంకో లంకకి పోదామనుకునేవారు కాదు. ఆ మడుగు ఎలా పోయిందో చెప్తాను వినండి. చెప్పడం నాకేం సరదా కాదు.

లంకలో అందరికంటే పెద్దవాడు సోమలింగం. ఒకప్పుడు గంగిరెద్దు. ఒంటిమీద అద్దాల బొంత, కాళ్ళకి గజ్జెలు, కొమ్ములకి కుచ్చులు, ఆ వైభోగమే వేరు. ఆడించేవాడు ముసలివాడైపోయి, ఊళ్ళు తిరగలేక, కసాయికి ఇవ్వడానికి మనసొప్పక, పడవెక్కించి తెచ్చి ఇక్కడ వదిలిపెట్టాడు. నాలుగూళ్ళు చూసినవాడని, మంచీ చెడ్డా తెలిసినవాడని జంతువులన్నీ సోమలింగాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఏ తగువొచ్చినా ఆయన ముందుకే. లంకలో ఒక కట్టుబాటు ఉంది. అందరికీ సంబంధించిన సంగతైతే అందరూ కూచుని మాట్లాడుకోవాలి, ఆఖర్న పెద్దవాడు ఒక మాట చెప్పాలి. ఆ మాటే లంక మాట.

అయితే సోమలింగం ఒక సంగతి కడుపులో దాచుకున్నాడు. బతుకంతా జనం ఆయన్ని అడిగినవి అసలు ప్రశ్నలే కావు. "అమ్మగారు చల్లగా ఉండాలా?" అని ఆడించేవాడు అడుగుతాడు, సన్నాయి మోగుతుంది, తల ఊపాలి. "అయ్యగారింట గాదెలు నిండాలా?" అంటాడు, మళ్ళీ ఊపాలి. దూడగా ఉన్నప్పుడు సన్నాయి మోగిన ప్రతిసారీ ముకుతాడు కిందికి లాగి లాగి నేర్పిన చదువది. ముకుతాడు ఎప్పుడో తీసేశారు గానీ, సన్నాయి చెవిన పడిందంటే తల దానంతటది ఊగిపోతుంది. ఆపుదామన్నా ఆగదు. ఈ సంగతి లంకలో ఎవరికీ తెలియదనే ఆయన నమ్మకం. తెలిస్తే ఇంకేమన్నా ఉందా, పరువు గంగలో కలిసిపోదూ.

ఇలా ఉండగా ఎక్కడినుంచి దిగబడ్డాయో పందికొక్కులు దిగబడ్డాయి. నేల కనపడితే తవ్వకుండా ఉండలేని జాతి కదా. మడుగు పక్కన బురదలో బుడగలు లేస్తుంటే వాసన చూసి, అడుగున గ్యాసు ఉందని తేల్చాయి. ఎగువన కొండ మీద పులిరాజుకి చలి ఎక్కువట, గుహలో ఎప్పుడూ ఆరని మంట కావాలట. ఇక్కడ బోరు దింపి, వెదురు గొట్టాలు వేసి, గ్యాసుని కొండ మీదికి పంపిస్తామన్నాయి. పులిరాజు ఎంత పులైనా ఒక శాసనం చేసి పెట్టాడు. ఏ నీటి పక్కన తవ్వాలన్నా ఆ నీళ్ళు తాగేవాళ్ళని సభ పెట్టి అడిగి తీరాలి. ఆ సభ నడిపించే పని నక్క శేషగిరికి అప్పజెప్పారు. ఇంకెవరికి అప్పజెప్తారు లెండి.

కబురు వినగానే బాతు నూకాలు ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే అందరినీ మడుగు గట్టుకి రమ్మనేది. ముందు నీళ్ళలో అల్లుకుపోయిన గుర్రపుడెక్క అందరూ కలిసి పీకాలి, తర్వాత కూచుని మాట్లాడుకోవాలి, అదీ ఆవిడ పెట్టిన పద్ధతి. మేకలు గట్టు మీంచి లాగేవి, తాబేళ్ళు అడుగునుంచి నెట్టేవి, కప్పలు పని చేసినదానికంటే గోల చేసిందే ఎక్కువ. మన నీళ్ళు మనం చూసుకోకపోతే సభలో ఏ మొహం పెట్టుకుని అడుగుతాం అనేది నూకాలు.

ఒకరోజు దిగువ లంక నుంచి ఒక ముసలి కొంగని పిలిపించింది. అక్కడా ఇలాగే బోరు దింపారట. కింద ఎక్కడో ఉన్న ఉప్పునీరు ఆ దారి పట్టుకుని పైకి తన్నుకొచ్చిందట. చేపలు చచ్చి తేలితే తను మొదట్లో సంబరపడి కడుపునిండా తిన్నానని, తర్వాత తినడానికి చేపన్నదే లేకుండా పోయిందని చెప్పి కొంగ తల దించుకుంది. మేకలూ తాబేళ్ళూ మడుగు కేసి తిరిగి చూశాయి. కప్పలు కూడా.

అప్పుడు నూకాలు సోమలింగం వైపు తిరిగింది.

"తాతా, నువ్వేమంటావు?"

సోమలింగం నెమరు వెయ్యడం ఆపేశాడు. వాకిళ్ళ ముందు నిలబెట్టి అడిగినవాళ్ళూ, తగువు తీర్చమన్నవాళ్ళే తప్ప, నీ మనసులో ఏముందని అడిగి జవాబు కోసం ఆగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు. ఈ పిట్టంత బాతు ఆగింది. తనకేసి చూస్తూ నిజంగానే ఆగింది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆలోచించుకుని చెప్తానన్నాడు. మర్నాడు పొద్దున అందరికంటే ముందొచ్చి గట్టు మీద నిలబడి, "నేను వద్దంటాను" అన్నాడు. ఆ మాట నోటికి కొత్తగా, ఎంతో బాగా ఉంది. సభలోనూ అదే చెప్పు తాతా అన్నారందరూ. అప్పట్నుంచీ రెల్లు దుబ్బుల వెనక్కి పోయి "వద్దు, వద్దు" అని గొంతు సవరించుకునేవాడు. మేకపిల్లలు చాటునుంచి చూసి నవ్వుకునేవి.

సభకి ముందు శేషగిరి ఓసారి పరామర్శకని వచ్చాడు. బాబాయ్‌గారూ బాబాయ్‌గారూ అంటూ ఎక్కడలేని ప్రేమ ఒలకబోశాడు. తెలగపిండి తెచ్చాడు, కొత్త బొంత కుట్టిస్తానన్నాడు, కొండ మీద వెచ్చని సాల వేయిస్తానన్నాడు. సోమలింగం దేనికీ లొంగలేదు. తెలగపిండి మాత్రం తిన్నాడు, తెచ్చింది వద్దనడం మర్యాద కాదు కదా. నక్క ఇక లాభం లేదని లేవబోతుండగా పాయలో పెళ్ళివారి పడవ ఒకటి మేళంతో సాగిపోయింది. సోమలింగం తల ఊగడం మొదలుపెట్టింది. ఈగలు తోలుకుంటున్నట్టు చెవులు ఆడించాడు గానీ, నక్క కళ్ళ ముందు అలాంటివి సాగుతాయా. శేషగిరి అడుగు ఆపేశాడు. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి, తల ఎప్పుడు ఆగిందో కూడా చూసుకుని, వినయంగా దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సభ రోజు రానే వచ్చింది. పందికొక్కులు మడుగు పక్కనే తాటాకు పందిరి వేయించాయి. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు బెల్లం నీళ్ళు చల్లిన పచ్చగడ్డి పెట్టాయి. స్వాగత మేళమని చెప్పి సన్నాయికి కీచురాళ్ళ జట్టునీ, డోలుకి వడ్రంగిపిట్టనీ తెచ్చి వేదిక పక్కన కూచోబెట్టాడు శేషగిరి. మేళాన్ని చూడగానే సోమలింగానికి సంగతి అర్థమైపోయింది. అప్పుడైనా నూకాలుని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేస్తే సరిపోయేది. చెబుదామనే అటు నడిచాడు. తాత వచ్చాడు జరగండి జరగండి అంటూ అందరూ లేచి దారిచ్చారు. అంత గౌరవం మధ్య ఆ మాట ఎలా నోట వస్తుంది? ఈ ఒక్కరోజుకీ ఎలాగో మెడ బిగబట్టుకుందాంలే అనుకుని వెళ్ళి తన చోట్లో నిలబడ్డాడు.

పెద్ద పందికొక్కు చాలాసేపు మాట్లాడింది. పొరలంది, పీడనం అంది, సాంకేతికం అంది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలుకల కుర్రాళ్ళకి గొట్టాల కాపలా పని ఇప్పిస్తామంది, అది మాత్రం ఎలుకలకి శుభ్రంగా అర్థమైంది. కొంగ లేచి దిగువ లంక గోడంతా చెప్పుకుంది. "గమనించాం" అన్నాడు శేషగిరి. నీళ్ళు పోతే మళ్ళీ తెచ్చిపెట్టేదెవరని నూకాలు నిలదీసింది. అదీ గమనించామన్నాడు. తాబేళ్ళు అడిగినదాన్నీ, మేకలు అడిగినదాన్నీ కూడా వరసగా గమనించేశాడు. గమనించడంలో ఆయన్ని మించినవాడు లేడు. అన్నీ అయ్యాక, ఇక పెద్దాయన మాట ఒక్కటే మిగిలిందన్నాడు.

సోమలింగం వేదిక ఎక్కాడు. వద్దు అనే మాట నాలిక చివరే ఉంది.

నక్క మేళానికి సైగ చేశాడు. కీచురాళ్ళు సన్నాయి ఎత్తుకున్నాయి, వడ్రంగిపిట్ట డోలు అందుకుంది.

"బాబాయ్‌గారూ, పులిరాజుగారు నూరేళ్ళు వర్ధిల్లాలా?"

తల ఊగింది.

"మన లంక పచ్చగా ఉండాలా?"

తల ఊగింది.

"మడుగు పక్కన బోరు దింపమంటారా?"

సోమలింగం గిట్టలు నేలలోకి దిగేలా తన్నిపెట్టి, మెడ నరాలు పొంగేలా బిగబట్టాడు. నోరు తెరిచి వద్దన్నాడు కూడా. డోలు మోతలో అదెవరికి వినపడుతుంది? తల మాత్రం సభంతా చూసేలా కిందికీ పైకీ ఊగింది.

మేళం ఆగింది. లంక మాట అయిపోయిందని శేషగిరి ప్రకటించాడు. పందికొక్కులు చప్పట్లు కొట్టాయి. నూకాలు రెక్కలు కొట్టుకుంటూ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. తాత వద్దనడం తను చెవులారా విన్నానంది, మేళం లేకుండా మళ్ళీ అడిగి తీరాలంది. తాబేళ్ళూ మేకలూ అవునవునన్నాయి.

నక్క కంగారుపడలేదు. అలాగే కానివ్వండన్నాడు. కీచురాళ్ళనీ వడ్రంగిపిట్టనీ పందిరి అవతలికి పంపించేశాడు. సభ సద్దుమణిగాక సోమలింగం దగ్గరికొచ్చి, అందరికీ వినపడేలా మెత్తగా అడిగాడు.

"బాబాయ్‌గారూ, ఇందాక తల మీరే ఊపారా, లేకపోతే ఇంకోళ్ళు ఊపిస్తే ఊగిందా? ఊపిస్తే ఊగిందంటే చెప్పేయండి, తప్పులేదు. ఇన్నాళ్ళూ లంక తగువులు తీర్చిన తల ఎవరి చేతిలో ఉందో మేమూ తెలుసుకుంటాం."

ఇప్పుడు మేళం లేదు, నోరు తనదే. సన్నాయి వింటే నా తల ఊగుతుంది, అది నా మాట కాదు, అంటే చాలు. ఎదురుగా తాబేళ్ళు, మేకలు, కప్పలు, రోజూ తనతో కలిసి గుర్రపుడెక్క లాగినవాళ్ళందరూ తనకేసే చూస్తున్నారు. నలుగురిలో ఒంటిమీద గుడ్డ లాగేసినట్టయింది ఆయనకి. చెప్పేయాలనే అనుకున్నాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"నేనే ఊపాను."

నూకాలు రెక్కలు ముడుచుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

బోరు దిగింది. పందికొక్కుల పనితనానికి వంక పెట్టలేం. కొండ మీద మంట వెలిగింది, సాయంత్రమైతే లంకలోంచి చూసినా ఎర్రగా కనిపించేది. మొదట్లో బాగానే ఉంది కదా అనుకున్నారు. తర్వాత ఓ పొద్దున ఒక మేకపిల్ల నీళ్ళు తాగబోయి ఉమ్మేసింది. తల్లి కసిరి, తనూ తాగి చూసి, పిల్లని ఏమీ అనలేకపోయింది. ఆ వారం కప్పలు అరవడం మానేశాయి. తాబేళ్ళు గట్టెక్కి కూచున్నాయి, మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. అందరూ కలిసి శేషగిరి దగ్గరికి పోతే, మీ పెద్దాయన నోటితో చెప్పిన మీదటే కదా దింపింది, నన్నంటారేమిటన్నాడు. నీళ్ళు వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని, పాయ దాటగలిగినవాళ్ళు ఒక్కొక్కరే లంక విడిచి పోసాగారు.

పోయేవాళ్ళెవరూ సోమలింగాన్ని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఎదురుపడితే అప్పటికీ జరిగి దారిచ్చేవారు, తాతా అనే పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయనకి ప్రాణం చచ్చిపోయేది. ఏ గౌరవం పోతుందని భయపడ్డాడో అది చెక్కుచెదరకుండా అలాగే ఉంది, ఇచ్చేవాళ్ళే లేకుండా పోతున్నారు.

ఆఖరికి బాతులు కూడా బయల్దేరాయి. నూకాలు పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవు తీసుకోవడానికి వచ్చింది. ఎగువ లంకకి పోతున్నామంది. అక్కడా శేషగిరి సభ పెట్టబోతున్నాడట, పందిరి కూడా లేస్తోందట. నువ్వూ రా తాతా అంది. ఈ వయసులో పాయకి అడ్డంపడి ఈదలేను తల్లీ అన్నాడు సోమలింగం. ఇంక దాచుకుని ఏం చేసుకోవాలనిపించింది ఆయనకి.

"నూకాలూ, ఆ రోజు ఊగింది నా ఇష్టంతో కాదమ్మా. సన్నాయి వింటే నా తల నా మాట వినదు. దూడప్పట్నుంచీ అంతే."

"తెలుసు తాతా. అందరికీ తెలుసు."

సోమలింగం తెల్లబోయాడు. ఎప్పట్నుంచి అని అడిగాడు.

"నువ్వొచ్చిన కొత్తల్నుంచీ, పాయలో పెళ్ళిపడవ పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. అందులో ఏముంది? నువ్వు మాకు తాతవి, అంతే." నూకాలు కాళ్ళ దగ్గర మట్టి కేసి చూసింది. "మేం చెబితే నిన్ను చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకున్నాను. నువ్వే చెప్తావని చూశాను. చెప్పి ఉంటే నీ పక్కన లంకంతా నిలబడేది. నాదీ తప్పే."

ఆ మాటకి ఆయన ఏడ్చాడు. ముసలి ఎద్దు ఏడిస్తే చప్పుడుండదు, కళ్ళకింద తడి దారులు పడతాయి. చాలాసేపటికి తేరుకుని, ఎగువ లంకలో సభ మొదలయ్యేలోపు ఒక పని చేసిపెట్టమన్నాడు.

"నక్క సంగతి వాళ్ళకి నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్ళే చూసుకుంటారు. నా సంగతి చెప్పు. ఆ రోజు మేళం ఆగిపోయాక కూడా నేను నోరు విప్పలేదని చెప్పు. సిగ్గుపడ్డానని చెప్పు."

చెప్తానంది నూకాలు. బాతులు వరసగా పాయలోకి దిగి ఎదురీదుకుంటూ సాగిపోయాయి. చివరి పిల్ల రెల్లు చాటుకి పోయేదాకా సోమలింగం గట్టు మీదే నిలబడ్డాడు. ఎండెక్కింది. దాహమేసి మడుగు దగ్గరికి వెళ్ళి ఒక గుక్క తాగాడు. ఉప్పు. తాగడానికి వేరే నీళ్ళు లేవు కాబట్టి తల వంచి ఇంకో గుక్క తాగాడు.

నీతి: పొరపాటు చెయ్యడంకంటే, అది పొరపాటని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడటమే ఎక్కువ చేటు.