వాంగ్ అని పిలవమన్నారు

"గురువుగారూ, వాంగ్ అంటే ఎవరు?" అని ఫాన్ యీ అడిగినప్పుడు అతని గొంతులో సందేహం లేదు, మంటే ఉంది.

చైనా భాషలో వాంగ్ అంటే రాజు. ఆ అక్షరానికి అడ్డంగా మూడు గీతలు గీస్తారు: ఆకాశం, మనిషి, నేల. ఆ మూడింటినీ కలుపుతూ నడిమిన నిలువుగా ఒక్క గీత. ఆ కలిపేవాడే రాజని ఫాన్ యీ చిన్నప్పుడే నేర్చుకున్నాడు. దేశం మొత్తానికి ఒక్కడికే చెల్లిన ఆ పేరును, వానల్లేక జనం అలమటిస్తున్న ఆ ఏడు, వాళ్ల ఊరేలే దొర తనకు తానే తగిలించుకున్నాడు. ఇకమీదట అందరూ అలాగే పిలవాలని చాటింపు కూడా వేయించాడు.

గురువు లూ షాన్ చెప్పులు తొడుక్కుని, "పద" అన్నాడు.

ఇద్దరూ దొరగారి ధాన్యపు కొట్టు దగ్గరికి వెళ్లారు. తలుపులు మూసి ఉన్నాయి. ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి, "దొరా, గుప్పెడు గింజలు పెట్టించండి" అని మొరపెట్టుకుంటోంది. కాపలావాడు బల్లెం కర్రతో ఆమెను వెనక్కి నెట్టాడు.

"దొర ఏమిటే? వాంగ్ అను!"

"వాంగ్!" అందామె. కాపలావాడు తృప్తిగా తల ఊపి ఊరుకున్నాడు. ఆమె మూసిన తలుపు వైపు చూసింది.

"మీరు చెప్పినట్టే పిలిచాను కదయ్యా. ఇంకా తలుపు తియ్యరేం?"

వాడు మళ్లీ కర్ర ఎత్తాడు. ఫాన్ యీకి ఒళ్లు మండిపోయింది. ముందుకు దూకి ఆ కర్ర పట్టుకున్నాడు. అతని వీపు మీద దెబ్బలు పడ్డాయి. గురువు అతన్ని లేవదీసేలోగా జనం ఆమె మాట అందుకున్నారు. "వాంగ్! తలుపు తియ్యి! వాంగ్!" అని గోడలు అదిరేలా అరిచారు. కాపలావాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అలా పిలవమన్నది వాళ్లే, ఇంకేమని కొడతారు? చివరికి ఒక అధికారి బయటికొచ్చి, కొట్టు దగ్గర ఆ మాట ఎవరి నోటా వినపడకూడదని గద్దించాడు. తలుపు తెరవలేదు. జనమూ కదల్లేదు.

ఇంటికి రాగానే ఫాన్ యీ అక్షరాలు రాసే కుంచె విసిరికొట్టాడు.

"సిగ్గులేనివాడు తగిలించుకున్నాక అది మైలపడిపోయింది. ఇక జన్మలో ఆ అక్షరం రాయను!"

గురువు అతని వీపుకు మందు పూస్తూ, "రాయి" అన్నాడు. "ఆ మాటే లేకపోతే ఆ తల్లి వాళ్లను ఏమని నిలదీసేది?"