గువ్వ తల ఎత్తకుండా నీళ్ళెందుకు తాగుతుంది

ఒకప్పుడు గువ్వ కూడా కోడిలాగే నీళ్ళు తాగేది. ఒక గుక్క తీసుకోవడం, ముక్కు పైకెత్తి మింగడం, మళ్ళీ వంగడం. తల ఎత్తినప్పుడల్లా ఆకాశంలో గద్ద ఉందేమోనని చూసుకునేది. గువ్వలకి తెలిసిన శత్రువు గద్ద ఒక్కటే మరి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండ కింద ఒక్క మడుగులోనే నీళ్ళు మిగిలాయి. అక్కడికి వెళ్ళిన గువ్వలు ఒక్కొక్కటే తిరిగి రాకుండా పోతున్నాయి. పైన చూస్తే గద్ద జాడే లేదు.

పొన్ని అనే గువ్వకి మొగుడు అలాగే పోయాడు. గూట్లో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. తల్లి గొంతు తడిస్తేనే వాటి నోట్లోకి మేత దిగేది. పొన్నికి భయం వేసింది, అయినా బయల్దేరింది. పసిపిల్లలున్న తల్లికి భయపడుతూ కూర్చునే తీరిక ఎక్కడిది?

మడుగు ఒడ్డున వాలి, "మడుగవ్వా, నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నదెవరు? నీ కళ్ళెదుటే కదా జరిగింది, చెప్పు" అని అడిగింది.



"ఎట్లా చెప్పేది తల్లీ? వాడూ నా నీళ్ళు తాగి బతికేవాడే. వాడింట్లోనూ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం నాకు తగదు" అంది మడుగు. మళ్ళీ తనే, "దాచడం కూడా నాకు చేతకాదనుకో. ఎదురుగా ఏదుంటే అది చూపిస్తాను. మీరే గుక్క తాగి పైకి చూస్తారు. నా ముఖం ఎవరూ నిదానంగా చూడరు" అంది.

పొన్నికి ఒళ్ళు మండింది. మొగుణ్ణి పోగొట్టుకున్నదానితో ఈ డొంకతిరుగుడు మాటలేమిటి? కానీ దాహం ఆగనివ్వలేదు. వంగి ముక్కు ముంచింది. ఈసారి తల ఎత్తలేదు. తాగుతూనే నీళ్ళలోకి చూసింది.

పైనున్న నేరేడు కొమ్మ నీళ్ళలో తలకిందులుగా కనిపించింది. కొమ్మ నిండా ఆకులు. ఆకుల మధ్య రెండు అరికాళ్ళు.

అవి వేటగాడు బయన్నవి. ఒళ్ళంతా బురద పూసుకుని, ముందూ వెనకా రెమ్మలు కట్టుకుని, వచ్చే దగ్గు కూడా మింగేసి కూర్చున్నాడు. గువ్వ మెడ ఎత్తినప్పుడే బాణం వదలడం అతని అలవాటు. ఈ గువ్వ ఎంతకీ ఎత్తదే. విల్లు లాగిపట్టిన చెయ్యి నొప్పెట్టి కాస్త సడలించాడు, ఆకులు కదిలాయి. పొన్ని కడుపునిండా నీళ్ళతో టపటపా ఎగిరిపోయింది.

బయన్న చెట్టు దిగి మడుగు పక్కన కూలబడ్డాడు. కోపం రాలేదు. ఇంట్లో పిల్లలు గుర్తొచ్చి దిగులు వేసింది.

"అన్నివైపులా కప్పుకున్నా. నీకు కనపడకుండా కప్పుకోవాలని తెలియలా అవ్వా" అన్నాడు.

"ముందు నీళ్ళు తాగు నాయనా" అంది మడుగు.

ఆ సాయంత్రం పొన్ని పిల్లలకి మేత పెట్టి, కొండమీది గువ్వలన్నిటికీ ఈ సంగతి చెప్పింది.

అప్పటినుంచే గువ్వ ముక్కు ముంచిందంటే కడుపు నిండేదాకా తల ఎత్తదు. పాపం, ఎంత దాహమో అనుకుంటాం. దాహమే. కాకపోతే, అది తాగుతూ మనల్నే చూస్తుంటుంది.