ముందే పరిగెత్తి గెలిచిన అక్కచెల్లెళ్ళు

చింతలగూడిపాడులో బత్తెనవాళ్ళ ఇంటినిండా తెలివే. కాకపోతే అది ఎవరికీ కనపడదు. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి తొమ్మిదిమంది ఆడపిల్లలు. వాళ్ళే ఊరి సాఫ్ట్‌బాల్ జట్టు. "మా బుర్రలు మీ ఊరికి పంచినా ఇంకా మిగుల్తాయి" అని పెద్దది కోటేశ్వరి పక్కూరివాళ్ళతో అనేది. మిగలవూ మరి, వాడితేగా!

ఆడిన ప్రతి ఆటా ఓడారు. సర్పంచ్ హనిమిరెడ్డికి విసుగెత్తింది. "ఈసారి పక్కూరి మీద ఓడారంటే ఆ మైదానం మిరపకాయలు ఆరబోసుకోటానికి ఇచ్చేస్తా" అన్నాడు. పిల్లలు లబోదిబోమన్నారు. ఆ మైదానం తప్ప వాళ్ళకి ఆడుకోను వేరే చోటు లేదు.

ఆట నేర్పే వసుంధర మేడమ్ ఒక కిటుకు చెప్పింది. "బంతి కొట్టాక, అవతలివాళ్ళు దాన్ని ఏరి విసిరేలోపు ఆ మూలనున్న పలక, అదే మొదటి బేస్, చేరాలి కదా. ఎడంచేతివాటంగా నిలబడితే బేస్ రెండడుగులు దగ్గరవుతుంది. బంతి వస్తుండగానే పరుగందుకుని, ఆ పరుగులోనే బ్యాటుతో ఒక్క చరుపు చరచండి. ముందు బయల్దేరడంలోనే ఉందమ్మా లాభమంతా!"

ఇంకేముంది! బంతి ఇంకా వేసేవాళ్ళ చేతిలోనే ఉంది, చిన్నది అంకమ్మ బ్యాటు చంకన పెట్టుకుని పరుగో పరుగు. బేస్ మీద నిలబడి, "మేడమ్, నేనొచ్చేశా. బంతి ఇంకా రాలేదేంది?" అంది.

"బంతిని కొట్టాలే తల్లీ! కొట్టేటప్పుడు నీ కాలు నువ్వు నిలబడే చోటు చుట్టూ గీసిన ఈ సున్నపు గీతలు దాటకూడదు. దాటితే ఔటు" అంది మేడమ్.

అంతే. మర్నాడు వచ్చి చూస్తే ఆ గీతలు మొదటి బేస్ దాకా సాగి ఉన్నాయి.

"ఇప్పుడు ఎంత పరిగెత్తినా గీతల్లోనే ఉంటాంగా!" అంది కోటేశ్వరి, చేతికంటిన సున్నం దులుపుకుంటూ.

"చెరిపేయండి!" అని మేడమ్ అరిచింది. చెరిపేశారు. ఆ గీతలే కాదు, మైదానంలో ఉన్న గీతలన్నీ చెరిపేశారు. మేడమ్ ఎర్రటెండలో మళ్ళీ అన్నీ గీసుకుంది.

ఆట రోజు వచ్చింది. పక్కూరి జట్టునీ అంపైర్నీ పిలుచుకురావటానికి మేడమ్ బస్టాండుకెళ్ళింది. తొమ్మిదిమందీ గుంపుగా కూర్చున్నారు. ఆలోచించారట, పాపం!

"ఏమే, బంతి వస్తుండగా బయల్దేరితేనే అంత లాభం. అసలు వాళ్ళు రాకముందే బయల్దేరితే?" అంది కోటేశ్వరి.

"అమ్మో, ఎంత లాభమో!" అంది అంకమ్మ.

అంతే! ఒకదాని వెనక ఒకటి బేస్‌లన్నీ చుట్టేశారు. చుట్టుకో పరుగు లెక్కన ఆయాసం వచ్చేదాకా చుట్టారు. అవతలి జట్టు ఒక్క పరుగూ తీయలేదు. ఎట్లా తీస్తుంది, బస్సే దిగలేదు! గెలిచామని కేకలేసుకుంటూ ఇంటికెళ్ళి, గారెలు తిని, తలుపులేసుకుని పడుకున్నారు.

అంపైర్ ఎండలో నిలబడి నిలబడి, వీళ్ళు ఓడినట్టు చెప్పేసి పోయాడు. మేడమ్ వచ్చి తలుపు బాదితే కోటేశ్వరి కిటికీలోంచి జాలిగా చూసింది. "ఇప్పుడా మేడమ్ రావటం? ముందు బయల్దేరాలని మీరేగా చెప్పింది!"

మేడమ్ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ పొద్దే సంచీ సర్దుకుని ఊరు వదిలిపోయింది. మంచి పని చేసింది.

తెల్లారి తొమ్మిదిమందీ మైదానానికి వచ్చారు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎర్రగా మిరపకాయలు.

"చూశారా! గెలిచామని సర్పంచ్ గారు మనకి ఎర్ర తివాచీ పరిపించాడు!" అంది కోటేశ్వరి.

ఇంకేముంది, ఉత్త కాళ్ళతో దాని మీద పడి పరిగెత్తారు. కాయలు చిట్లి ఘాటు లేచింది. తుమ్ములు, దగ్గులు.

"అక్కా, నాకు కన్నీళ్ళు ఆగట్లేదే!" అంది అంకమ్మ.

"గెలిచినోళ్ళకి అట్టాగే వస్తాయిలేవే, పిచ్చిదానా" అని కోటేశ్వరి ముద్దుగా కసిరి, గుప్పెడు తివాచీ తీసి చెల్లెలి కళ్ళు తుడిచింది.