గవ్వలకొండకు నక్క చూపిన అడ్డదారి

సముద్రపు ఒడ్డున, జీడితోటల వెనకాల గవ్వలకొండ ఉంది. మరీ పెద్దదీ కాదు, తీసిపారేసేదీ కాదు. తెల్లారుతూనే బయల్దేరితే ఎక్కి దిగి పొద్దుండగానే ఇల్లు చేరొచ్చు. దాని కింద ఉప్పుమళ్ళ పక్కన ఒక పాకలో సన్యాసి అనే ముసలి గాడిద ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళు ఉప్పు బస్తాలు మోశాడు. ఆ కొండ చుట్టూ లెక్కలేనన్నిసార్లు తిరిగాడు గానీ పైకి ఒక్కసారీ ఎక్కలేదు. ఊళ్ళోకి ఆటోలు వచ్చాక అతని వీపుకి సెలవు దొరికింది.

ఒకరోజు అదే పాకలో ఉండే ముత్యాలు అనే మేకతో మనసులో మాట చెప్పాడు.

"ముత్యాలూ, ఒక్కసారి ఆ కొండెక్కి సముద్రం మొత్తం చూడాలనుందే. ఈ మోకాళ్ళు పూర్తిగా పోకముందే."

ముత్యాలు నవ్వలేదు. "ఎక్కుదాం మావా. రేపే ఎక్కుదాం. ముందు ఎలా వెళ్తామో, ఎలా తిరిగొస్తామో మాట్లాడుకుందాం," అంది.

గోడ మీదున్న కోడిపుంజు నూకరాజు కిందికి దూకాడు. "నేను లేకుండా మాటలేంటి?"

"నువ్వు లేకపోతే మమ్మల్ని లేపేదెవరు? రేపు తొలికూతకే బయల్దేరాలి," అంది ముత్యాలు. "ముళ్ళపొదల దారిలో నాకైతే రెండు గంటలు పడుతుంది. మావకి నాలుగు. కాబట్టి అందరికీ నాలుగే."

"పైన నీళ్ళుంటాయా?" అడిగాడు సన్యాసి.

"చుక్క లేదు. కింద తొట్టి దగ్గర కడుపునిండా తాగి కదులుదాం. నూకరాజూ, నువ్వు మావ వీపు మీద కూర్చుని పొద్దు చూస్తూ ఉండు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొస చేరకపోతే, ఎక్కడున్నామో అక్కడినుంచే వెనక్కి."

సన్యాసి ముఖం చిన్నబోయింది. "కొస కళ్ళముందే ఉన్నా?"

"ఉన్నా సరే. కొండ ఎక్కడికీ పోదు మావా. మనం పోకుండా చూసుకోవాలి."

ఈ మాటలన్నీ జీడిచెట్టు వెనక నిలబడి పరదేశి అనే నక్క విన్నాడు. తోక ఊపుకుంటూ ముందుకొచ్చాడు.

"దండాలత్తా! దండాలు మావా! నాలుగు గంటలు ఎందుకు? సముద్రం వైపున్న నున్నటి బండ మీదుగా వెళ్తే గంటన్నర. ముల్లు లేదు, రాయి లేదు. మావ మోకాళ్ళకి పరుపులా ఉంటుంది."

ఆ బండ సంగతి పరదేశికి బాగా తెలుసు, కాకపోతే కిందినుంచి చూసి తెలుసు. మెట్లలా పగుళ్ళు ఉండటంతో ఎక్కడం సులువే. పైన మంచమంత చదును, ఆ తర్వాత నిట్టనిలువు గోడ. దిగబోతే సముద్రపు తేమకి కాలు నిలవదు. పోయినేడాది దారితప్పిన గొర్రె ఒకటి అక్కడికెక్కి, రెండ్రోజులు అరిచి అరిచి జారి పడింది. కింద పొదలో కాచుకున్న పరదేశి వారం పాటు వేటకి వెళ్ళలేదు. గాడిదంటే ఇక నెల రోజుల భోజనం.

"గంటన్నరేనా!" సన్యాసి కళ్ళు మెరిశాయి.

"దూరపు కొండలు నునుపు మావా," అంది ముత్యాలు. "దగ్గరికెళ్ళి చూద్దాం. పరదేశీ, నువ్వూ రా."

మర్నాడు అనుకున్నట్టే తొలికూతకి లేచి, నీళ్ళు తాగి, ముగ్గురూ బయల్దేరారు. వెలుగు వచ్చేసరికి బండ దగ్గరకి చేరారు. పరదేశి అప్పటికే అక్కడున్నాడు.

"పెద్దవాళ్ళు ముందు నడవాలి. ఎక్కు మావా!"

సన్యాసి ముందుకాలు మొదటి పగులు మీద పెట్టాడు. ముత్యాలు కొమ్ములు అడ్డం పెట్టింది.

"ఆగు మావా. ఇంత మంచి దారైతే ఒక్క మేక పెంటికైనా కనపడదేం? అబ్బీ పరదేశీ, నువ్వెన్నిసార్లు ఎక్కావు?"

"లెక్కలేదత్తా!"

"అయితే ఇంకొక్కసారి ఎక్కి, దిగి చూపించు. మావ నీ అడుగులు చూసి నేర్చుకుంటాడు."

పరదేశి తోక ఊపడం ఆపాడు. "నేనెందుకత్తా, టైము దండగ..."

"భయమేస్తే చెప్పు," అన్నాడు నూకరాజు.

కోడిపుంజు చేత ఆ మాట పడ్డాక ఏ నక్కకి ఆగబుద్ధేస్తుంది? గొర్రె తెలివితక్కువది కాబట్టి పడింది, నాకేం, అనుకున్నాడు పరదేశి. చకచకా నాలుగు దూకుల్లో పైకి చేరాడు.

"చూశారా!"

"చూశాం. ఇప్పుడు దిగు," అంది ముత్యాలు.

పరదేశి ఒక కాలు కిందికి చాపాడు. సర్రున జారింది. వెనక్కి లాక్కున్నాడు. రెండో కాలు చాపాడు. అదీ అంతే.

"కాస్త గాలి పీల్చుకుని దిగుతానత్తా."

ఈలోగా నూకరాజు పొదలో తొంగిచూసి కెవ్వుమన్నాడు. ముళ్ళకి చిక్కుకున్న ఉన్ని, దాని కింద తెల్లటి ఎముకలు. తన కాలు ఆ పగులు మీద పెట్టిన క్షణం గుర్తొచ్చి సన్యాసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"పీల్చుకో నాయనా, తీరిగ్గా పీల్చుకో," అంది ముత్యాలు పైకి చూసి. "మాకు పొద్దెక్కుతోంది."

ముళ్ళపొదల దారి పట్టారు. గీసుకుంది, గుచ్చుకుంది. మూడో గంటకి సన్యాసి కూలబడ్డాడు. ముత్యాలు తొందర పెట్టకుండా పక్కనే నిలబడి ఆకులు నమిలింది. "పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా రెండు బారలుంది," అని నూకరాజు చెప్పాక అతను మళ్ళీ లేచాడు. నడినెత్తికి ముందే కొస చేరారు.

ఎటు చూసినా నీళ్ళే. అడుగున ఉప్పుమళ్ళు పగిలిన అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. సన్యాసి ఆ చివర నుంచి ఈ చివర దాకా తల తిప్పి చూశాడు.

"నా జన్మంతా మోసిన ఉప్పు ఇందులో చిటికెడు కూడా కాదే ముత్యాలూ!" అని, ఓండ్రపెట్టి నవ్వాడు. ఆ నవ్వుకి కిందున్న పడవల్లోని జాలర్లు తలెత్తి చూశారు.

దిగి బండ దగ్గరికి వచ్చేసరికి ఎండకి తేమ ఆరిపోయింది. అయినా కాలు చాపే ధైర్యం లేక పరదేశి నాలుక వేలాడేసుకుని ఇంకా పైనే ఉన్నాడు.

"మావా! అత్తా! మీ కాళ్ళు పట్టుకుంటాను!"

ముత్యాలు ముఖం తిప్పుకుంది. సన్యాసి మాత్రం ఆగాడు. "బోర్లా పడుకుని, గోళ్ళు దించి జారు. బొచ్చు పోతే పోయింది, ప్రాణం ఉంటుంది."

పరదేశి అలాగే జారాడు. పొట్ట మీద వెంట్రుక మిగల్లేదు. తిన్నగా వెళ్ళి జెముడుపొదలో పడ్డాడు, పోయినేడాది తాను గొర్రె కోసం కాచుకున్న పొదలోనే. పొద్దుండగానే ముగ్గురూ పాక చేరి నీళ్ళు తాగుతుంటే, వాడి మూలుగు ఉప్పుమళ్ళ దాకా వినిపించింది.

ఎక్కే దారి ఎవడైనా చూపిస్తాడు. దిగి చూపించినవాడి వెంటే నడవాలి.