కుళాయి పక్కన ఏసుపాదం

పళ్ల డాక్టర్ రత్నమాంబ గారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "మంగళవారం నాతో రా" అనేవారు, అంతే.

సుభాషిణి అడిగిన ప్రశ్న చిన్నదే. డెంటల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా ఉన్న ఆమెను, ఊరి చివర స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు ఉండే పునరావాస కేంద్రానికి పంపారు, నోటి శుభ్రత గురించి నేర్పమని. రెండు నెలలు చార్టులు చూపించింది. ప్లాస్టిక్ పళ్ల మీద బ్రష్ తిప్పి చూపించింది. మందుల వల్ల నోరు ఎండిపోతుందనీ, ఉమ్మి తగ్గితే పళ్లు త్వరగా పుచ్చిపోతాయనీ విడమరిచి చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు. వాళ్లలో ఏసుపాదం అనే అతను అయితే విన్నది విన్నట్టు అప్పజెప్పాడు కూడా. కాని ఆమె ఇచ్చిన బ్రష్‌కు కవరైనా విప్పలేదు.

"అన్నీ తెలిసీ ఎందుకు చెయ్యడు మేడమ్?" అని అడిగింది.

మంగళవారం పొద్దున రత్నమాంబ గారు సుభాషిణితో కేంద్రానికి వచ్చి, చేతిసంచిలోంచి తన బ్రష్షే తీసి, పెరట్లో కుళాయి దగ్గర నిలబడి పళ్లు తోముకోవడం మొదలుపెట్టారు. ఏసుపాదం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవార కూర్చుని చూస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, పదకొండేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. చాలాసేపటికి లేచి వెళ్లి బ్రష్ తెచ్చుకున్నాడు గాని, కుళాయికి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నీళ్లు పడుతుంటే అందులోంచి తిడతారమ్మా," అన్నాడు మెల్లగా. "మీకు వినపడదు."

సుభాషిణి ఏదో సర్దిచెప్పబోయింది. అంతలో రత్నమాంబ గారు కుళాయి కట్టేశారు. బకెట్లోంచి చెంబుతో నీళ్లు ముంచి అతని చేతికిచ్చారు.

"నాకు వినపడదు ఏసుపాదం గారూ. మీకు వినపడుతోంది కదా. వీటితో కానివ్వండి."

అని పక్కనే నిలబడి తను మళ్లీ తోముకోసాగారు.

అతనూ తోముకున్నాడు. చిగుళ్లలోంచి రక్తం వస్తే బెదిరి ఆమె ముఖం చూశాడు. ఫరవాలేదన్నట్టు ఆమె తలూపాక మళ్లీ బ్రష్ నోట్లో పెట్టుకున్నాడు. పుక్కిలించి ఉమ్మేసి, తువ్వాలు భుజాన వేసుకుని, "నా పక్కన ఇంత దగ్గరగా మనిషి నిలబడి చాలా ఏళ్లయిందమ్మా. రేపూ వస్తారా?" అన్నాడు.

"రేపు రాలేనండీ. మళ్లీ మంగళవారమే."

అతను తువ్వాలు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఇద్దరూ గేటు దాకా వచ్చారు. అక్కడ సుభాషిణి ఆగి వెనక్కి చూసింది. అతను వాళ్లవైపు చూడటం లేదు. కట్టేసినా బొట్టుబొట్టుగా కారుతున్న కుళాయి వైపు చూస్తున్నాడు.

"మిగతా ఆరు రోజులూ ఏం చేస్తాడు మేడమ్?"

రత్నమాంబ గారు గేటు గడియ తీస్తూ, "మీ హాస్టల్ నుంచి ఇక్కడికి నడిస్తే ఎంతసేపమ్మా?" అన్నారు.